చన్నీళ్ళ ఖమీసీ

ఖమీసీకి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరింటికి వెళ్ళినా ముందు బాత్రూంలోకి వెళతాడు. సలాంలో సగం గుమ్మం దగ్గర చెబుతాడు, మిగతా సగం గీజరుకి చెబుతాడు.

కొండల మీదున్న మా సెతీఫ్ ఊరి చలి గురించి మాట్లాడితే మాట్లాడేవాడి నోరు కూడా గడ్డకడుతుంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ప్రతి ఇంటి ప్రాణమూ బాత్రూం గోడకి వేలాడే తెల్లడబ్బాలో ఉంటుంది. కుళాయి తిప్పితే లోపల నీలిమంట భగ్గుమంటుంది, వేడినీళ్ళు వస్తాయి, మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు పలకరించుకుంటారు. ఆ గ్యాస్ గీజర్లను బాగుచేయడం ఖమీసీ వృత్తి. వాటిని ఆపేయడం అతని సరదా అని ఊరివాళ్ళు అంటారు.

ఒకసారి ముసలి దర్జీ ఒకాయన పోతే పరామర్శకి వెళ్ళాడు. ఇంటినిండా జనం, ఖురాన్ చదువుతున్నారు. ఖమీసీ అందర్నీ దాటుకుని నేరుగా బాత్రూంలోకి పోయి తలుపు వేసుకున్నాడు. పావుగంట తరువాత బయటికి వచ్చి, దర్జీ కొడుకు చెయ్యి పట్టుకుని, "మీ నాన్న తొంభై ఏళ్ళు నిండి వయసుతోనే పోయాడు చూడు, అది దేవుడి దయ. ఈ పొగగొట్టం కింద స్నానం చేసేవాళ్ళకి ఆ వయసు రాదు" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి గొట్టం వైపు చూశారట.

పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడూ అంతే. మిఠాయి పొట్లాలతో వాళ్ళమ్మని ముందుగదిలో కూర్చోబెట్టి తను లోపలికి మాయమయ్యాడు. అరగంట చూశారు. చివరికి పెళ్ళికూతురే కాఫీ పట్టుకుని బాత్రూం తలుపు తట్టింది. ఖమీసీ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గీజరు మంట చూస్తూ ఆ కాఫీ తాగి, "అమ్మాయి నాకు నచ్చింది. గీజరు మాత్రం నచ్చలేదు" అని మామగారికి చెప్పాడు. మామగారు చెప్పు తియ్యబోయాడు. పిల్లే అడ్డం పడి, "పెళ్ళయ్యాక బాత్రూం వైపు తొంగిచూసే మగాడు ఈ ఊళ్ళో ఇంకొకడు దొరుకుతాడా నాన్నా?" అంది. ఆ మాటకి ఆడవాళ్ళంతా ఆమె పక్షమైపోయారు.

అప్పట్నుంచి అతను ఎక్కడికి వెళ్ళినా కాఫీ బాత్రూంలోనే. వేడినీళ్ళు వదిలి, తలుపు మూసి, మంట ఎదురుగా కూర్చుంటాడు. పెళ్ళాం పెళ్ళిసామాన్లలోని చిన్న గుండ్రటి అద్దం జేబులోంచి తీసి గీజరు పైన, పొగగొట్టం మెడ దగ్గర పెడతాడు. అద్దం మసకబారలేదా, కాఫీ చివరి గుక్క తాగి లేచి దీవించి వెళ్ళిపోతాడు. మసకబారిందా, పొగ బయటికి పోకుండా ఇంట్లోకి తిరిగొస్తోందన్నమాట. అప్పుడు గీజరు ముందుండే తిప్పుడు నాబ్‌ని టక్కున ఊడబీకి జేబులో వేసుకుంటాడు.

"గొట్టం శుభ్రం చేయించాక కబురు చెయ్యండి, ఇది తెచ్చి పెడతాను" అంటాడు.

"అప్పటిదాకా స్నానం?"

"చన్నీళ్ళకి చచ్చినవాడు లేడు."

జనవరి వచ్చేసరికి అతని కోటు జేబుల నిండా నాబ్‌లే. మెట్లెక్కుతుంటే టకటకమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. చన్నీళ్ళ ఖమీసీ అన్న పేరు అలా వచ్చింది.

ఇంతటితో ఆగితే పిచ్చివాడనుకుని ఊరుకునేవాళ్ళు. కానీ వీధి చివర ఉనైసా నడిపే హమ్మాం ఉంది. పాతకాలపు స్నానశాల. ఇంట్లో వేడినీళ్ళు లేనివాళ్ళకి అదే దిక్కు. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఖమీసీ ఆ హమ్మాం వెనకతలుపులోంచి ఒక మూట చంకలో పెట్టుకుని బయటికి రావడం జనం చూశారు. ఇక చెప్పేదేముంది! ఇతను గీజర్లు ఆపుతాడు, ఆమెకి బేరం పెరుగుతుంది, ఇతనికి కమీషను ముడుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. పొగ వచ్చే ఇంట్లో నిప్పు ఉండనివ్వడు ఖమీసీ. ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

ఈ కమీషను సంగతి ఊళ్ళో అందరికంటే గట్టిగా నమ్మింది దలీలా. అతని పక్క వాటాలోనే ఉంటుంది. అందరికంటే గట్టిగా తిట్టేదీ ఆమే. మెట్ల మీద నిలబడి ఆమె ఖమీసీని తిడితే నాలుగు అంతస్తుల్లో పిల్లలు పాఠం ఆపి వినేవాళ్ళు. ఆమెకి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఆమె నాబ్ కూడా అతని జేబులో చేరింది. అయితే ఆమె అదృష్టవంతురాలు. అప్పుడు హమ్మాంకి వెళితే ఉనైసా వేలు చూపించి, "ఇవాళ నువ్వు నలభయ్యో మనిషివి! నలభయ్యో మనిషి ఇంటిల్లిపాదికీ వారం పాటు ఉచితం" అంది. దలీలా ఆ అదృష్టాన్ని తలుచుకున్నప్పుడల్లా ఖమీసీని ఇంకో రెండు ఎక్కువ తిట్టేది.

ఆమె అత్తగారు హాజ్జా తుర్కియాకి ఖమీసీతో వేరే యుద్ధం. గ్యాసు ఉన్న ప్రతి బాత్రూం గోడకీ గాలి ఆడటానికి ఒక కన్నం ఉండాలి. హాజ్జా లెక్కలో కన్నమంటే చలికి తీసిపెట్టిన తలుపు. ఆమె దాంట్లో మేజోడు కుక్కేది, ఖమీసీ లాగేసేవాడు. పాత తలపాగా కుక్కేది, లాగేసేవాడు. లాగినవాటిని పెళ్ళాం చేత ఉతికించి, పండక్కి మడతపెట్టి తెచ్చి ఇచ్చేవాడు. హాజ్జా వాటినే మళ్ళీ కుక్కేది. ఆమెకి చూపు తక్కువ. నాబ్ ఎంతవరకు తిప్పాలో తెలియడానికి దాని మీద మనవరాలి గోళ్ళరంగుతో ఒక ఎర్రచుక్క పెట్టుకుంది.

ఆ ఫిబ్రవరిలో దలీలా కూతురు ఇబ్తిసామ్ పెళ్ళి కుదిరింది. గురువారం పెళ్ళి. పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు పదకొండు మంది అన్నాబా నుంచి బుధవారమే దిగుతున్నారు. సముద్రం ఒడ్డున వెచ్చగా బతికేవాళ్ళు. కాబోయే వియ్యపురాలు నిశ్చితార్థం విందులో పళ్ళెం చూసి "మీ ఊళ్ళో కుస్కుస్ కూడా చలికి వణుకుతోందే" అని ఒక మాట విసిరింది. ఆమె ముందు తల వంచుకోవాల్సి రాకూడదని దలీలా దుప్పట్లు కొంది, కప్పులు కొంది, గోడలకి సున్నం వేయించింది. సరిగ్గా సోమవారంనాడు గీజరు మొరాయించింది. వెలిగిస్తే ఐదు నిమిషాలు వెలుగుతుంది, ఠప్పున ఆరిపోతుంది.

ఖమీసీని పిలవడమంటే గీజరుకి సమాధి తవ్వడమే. అందుకని ఆమె సందు మొదట ఫోన్లు బాగుచేసే జలూల్‌ని పిలిచింది. జలూల్ ఫోన్లూ, టీవీలూ, బట్టలుతికే మిషన్లూ అన్నీ ఐదు నిమిషాల్లో బాగుచేస్తాడు.

"సెన్సార్ పాడైంది అక్కా. దీని రెండు తీగలు కలిపి మెలిపెడితే సరి. ఐదు నిమిషాల పని."

"ప్రమాదమేం లేదు కదా?"

"ఊరంతా ఇలాగే నడుస్తోంది. ఆ సెన్సార్ కంపెనీవాళ్ళు ఊరికే పెడతారు, ధర పెంచుకోడానికి."

తీగలు మెలిపెట్టాడు. నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి, ఆగకుండా వచ్చాయి. దలీలా అతనికి రెండు పళ్ళేల మఖ్రూద్ మిఠాయి పెట్టి పంపింది.

మంగళవారం సాయంత్రం, బయట మంచు పడుతుండగా, పెళ్ళికి ఇరుగుపొరుగు ఇచ్చే చక్కెర బుట్టతో ఖమీసీ గుమ్మంలోకి వచ్చాడు. టకటక వినగానే దలీలా ఒక్క ఉరుకులో వెళ్ళి బాత్రూంకి తాళం వేసి తాళంచెవి రవికెలో దోపుకుంది.

"మొబారక్ చెల్లెమ్మా" అంటూ అలవాటు కొద్దీ అతను ఎడమవైపు తిరిగాడు. తలుపు తియ్యబోయాడు. రాలేదు.

"అత్తయ్య స్నానం చేస్తోంది అన్నా."

ఖమీసీ ముందుగదిలోకి చూశాడు. హాజ్జా తుర్కియా సోఫాలో కూర్చుని జపమాల తిప్పుతోంది.

"మరి ఆమెవరు?"

"ఆమె... వాళ్ళ చెల్లెలు."

"నాకు చెల్లెలెక్కడుందే?" అంది హాజ్జా.

ఖమీసీ నవ్వలేదు. తలుపు కింద సందు దగ్గర వంగి ఒకసారి చూశాడు. అప్పుడే మసీదులోంచి బాంగు వినపడింది. అతను నిటారుగా లేచి, ఎంతో వినయంగా, "చెల్లెమ్మా, నమాజు వేళైంది. కాస్త వజూకి నీళ్ళు ఇప్పిస్తావా?" అన్నాడు.

ప్రార్థనకి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళడిగిన మనిషికి లేదని చెప్పిన ఇల్లు మా ఊళ్ళో లేదు. పగవాడు అడిగినా ఇవ్వాల్సిందే. వంటింట్లో కుళాయి ఉంది గానీ అక్కడ పదిహేనుమంది ఆడవాళ్ళు తలగుడ్డలు తీసేసి పిండి పిసుకుతున్నారు, మగాణ్ణి పంపడానికి లేదు. దలీలా అత్తగారి వైపు చూసింది. హాజ్జా అంది:

"ఇవ్వవే. నీళ్ళు ఇవ్వనన్న పాపం పెళ్ళింట్లో దేనికి?"

తాళం తీసింది. అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి లోపలినుంచి కేక వినపడింది.

"చెల్లెమ్మా, కాఫీ ఉంటే ఇటే పంపించు!"

దలీలాకి కాఫీ పోసి పంపక తప్పలేదు.

పావుగంట తరువాత బయటికి వచ్చాడు. ఒక చేతిలో ఎర్రచుక్క నాబ్, ఇంకో చేతిలో ఇంత లావు ఉన్నిముద్ద.

"గాలి కన్నంలో ఉంది. ఎవరిది?"

"బక్రీదు గొర్రెది" అంది హాజ్జా, తగ్గకుండా.

"అది చచ్చి ఎనిమిది నెలలైంది హాజ్జా. పోతూ పోతూ మిమ్మల్ని కూడా తోడు తీసుకెళ్దామని చూస్తోంది." దలీలా వైపు తిరిగాడు. "ఈ డబ్బాలో ముగ్గురు కాపలావాళ్ళున్నారు చెల్లెమ్మా. ఒకడు నీళ్ళు పారకపోతే గ్యాసు వదలడు. రెండోవాడు చిన్న మంట ఆరిపోతే గ్యాసు కట్టేస్తాడు. మూడోవాడు పైన గొట్టం మెడ దగ్గర కూర్చుంటాడు, పొగ వెనక్కొస్తే మొత్తం ఆపేస్తాడు. ముగ్గురూ లంచం తినరు. అందుకే మీకు గిట్టరు. ఆ మూడోవాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి పడేసిందెవరు?"

"రేపు పదకొండు మంది వస్తున్నారన్నా! ఆ నాబ్ ఇటివ్వు. పెళ్ళయ్యాక నీ ఇష్టం!"

"పెళ్ళి జరగాలి కదా ముందు."

"శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే అవేం మాటలు!" దలీలా గొంతు లేచింది. రెండేళ్ళుగా మెట్ల మీద అన్నది ఇప్పుడు మొహం మీదే అనేసింది. "నాకు తెలీదనుకున్నావా? ఒక్కో కొంపకి ఆ ఉనైసా నీకెంత ఇస్తుంది? మా పదకొండు మందికి ఎంత మాట్లాడుకున్నావు?"

వంటింట్లో పిండి పిసికే చప్పుడు ఆగిపోయింది. ఖమీసీ నాబ్‌ని జేబులో వేసుకుని, లోపల వదిలిన కాఫీ కప్పు తెచ్చుకున్నాడు. కప్పులో మిగిలిన గుక్క తాగి, కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఇబ్తిసామ్ గొంతు వినపట్టం లేదేం?" అని మాత్రం అడిగాడు.

"పడుకుంది" అంది హాజ్జా. "తలపోటు, వాంతులు. దిష్టి తగిలింది పిల్లకి. సాంబ్రాణి వేశాను."

"తలపోటు స్నానానికి ముందా, తరువాతా?"

దలీలా లెక్క వేసుకుంది. తరువాతే. ఈలోగా ఖమీసీ పిల్ల గదిలోకి వెళ్ళడం, కిటికీలు బార్లా తెరవడం, పిల్లని దుప్పటిలో చుట్టి బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టడం జరిగిపోయాయి. పెళ్ళికూతురి నెత్తి మీద మంచు పడుతోంది.

"అయ్యో, గోరింట పెట్టాల్సిన పిల్లని మంచులో పెడతావా!" అని హాజ్జా గగ్గోలు.

"ఇది దిష్టి కాదు హాజ్జా, గీజరు ఊపిరి."

"వాసన ఏం లేదే!" అంది దలీలా.

"వాసనే ఉంటే ఇక నాతో పనేముంది?"

పది నిమిషాలకి ఇబ్తిసామ్ చెంపల్లోకి రంగు వచ్చింది. పావుగంటకి మఖ్రూద్ అడిగింది. అయినా ఖమీసీ ఊరుకోక టాక్సీ పిలిచి తల్లినీ కూతుర్నీ ఆసుపత్రికి పంపాడు. డాక్టరు గంటసేపు ఆక్సిజన్ పెట్టి, "సమయానికి గాలిలోకి తెచ్చిందెవరమ్మా? ముందు ఆయనకి మంచి కాఫీ ఇవ్వండి" అన్నాడు.

"ఇచ్చామండీ. బాత్రూంలో" అంది దలీలా.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. కూతురు దక్కింది, అది చాలనుకుంది. కానీ ఖమీసీని అన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వెళ్ళి క్షమించమని అడగాలనుకుంది, అభిమానం అడ్డొచ్చింది. పైగా కమీషను మీద నమ్మకం ఇంకా చావలేదు. మంచివాడే, కానీ కమీషను మంచివాళ్ళు మాత్రం తినరా అనుకుంది.

బుధవారం అన్నాబా పరివారం దిగింది. ఇంట్లో వేడినీళ్ళు లేవని చెప్పే ధైర్యం లేక దలీలా, "మా ఊరి ఆచారం, పెళ్ళికూతురి హమ్మాంకి అందరం కలిసే వెళ్ళాలి" అని బుకాయించి పదకొండు మందినీ మంచులో నడిపించింది.

ఉనైసా గల్లా దగ్గర కూర్చుని వాళ్ళని చూసి క్షణం ఆలోచించింది.

"మంచు పడ్డ బుధవారం సముద్రం ఊళ్ళవాళ్ళకి ఉచితం. మా తాతగారు పెట్టిన ఆచారం. లోపలికి పదండి."

వేడిగదిలో వియ్యపురాలు రాతి అరుగు మీద వాలిపోయి, ఒళ్ళు రుద్దించుకుంటూ, "ఇలాంటి సుఖం మా ఊళ్ళో లేదమ్మా. కుస్కుస్ సంగతి నేను ఊరికే అన్నాలే" అంది. దలీలా పరువు అక్కడికి నిలబడింది. పక్కనున్న మా వీధి ఆడవాళ్ళు గుసగుసగా నవ్వుకుంటున్నారు.

"నన్ను కవలపిల్లల తల్లులకి ఉచితమని పంపింది."

"నాకైతే ఎడమచేతి వాటం వాళ్ళకి అంది. నాది కుడిచెయ్యి. అయినా ఎడమచెయ్యి ఊపుతూ వచ్చేశా."

"పాపం ఉనైసాకి మతి పోయింది. ఈ బేరంతో ఎలా బతుకుతుందో ఏమో!"

ముగ్గురి గీజర్ల నాబ్‌లూ ఖమీసీ దగ్గరే ఉన్నాయి. ఆ సంగతి వాళ్ళకి తట్టలేదు, దలీలాకీ తట్టలేదు. ఆమె తువ్వాళ్ళ కోసం బయటికి వచ్చింది. ఉనైసా వంగి బీరువా తెరుస్తుంటే గల్లా వెనక పరదా పక్కకి జరిగింది. గోడకి వరసగా మేకులు. మేకుకో గీజరు నాబ్. చివరి మేకుకి ఉన్నదాని మీద ఎర్రచుక్క.

దలీలా చేతిలోని సబ్బు కింద పడింది.

"ఇది మాది!"

"చూశావా? అయితే నోరు మూసుకో" అంది ఉనైసా, పరదా లాగేస్తూ. "ఖమీసీ నిన్న రాత్రే తెచ్చి తగిలించాడు. పద్దెనిమిదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం వచ్చి నా బాయిలరు చూస్తాడు. మసిబట్టలు మూటగట్టుకుని వెనకనుంచి పోతాడు. కూలి ఇస్తానంటే గోడకి మేకులు కొట్టమన్నాడు. నాబ్ వేలాడినన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళు తన మనుషులేనట, వాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోకపోతే అదే తన కూలట."

"మరి మాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే మీరు గొట్టం బాగుచేయించుకుంటారా? చలికాలమంతా ఇక్కడే తిష్ఠ వేస్తారు. ఒళ్ళు మండితేనే కదా మర్నాడే మనిషిని పిలిచి గొట్టం దులిపించుకునేది! అదీ అతని లెక్క."

"మీ తాతగారి ఆచారం?"

"మా తాత ఈ హమ్మాంలో అడుగు కూడా పెట్టలేదు. ఆయనకి స్నానమంటే పడదు."

దలీలా నవ్వబోయి ఏడ్చింది. వియ్యపురాలు చూస్తే బాగుండదని ఆవిరి వల్ల కళ్ళు మండుతున్నాయంది.

గురువారం తెల్లారేసరికి ఖమీసీ డాబా మీద మంచులో నిలబడి గొట్టంలోంచి పావురాల గూడు బయటికి లాగాడు. జలూల్‌ని పక్కన నిలబెట్టుకుని, మెలిపెట్టిన తీగలు అతని చేతే విప్పించి, కొత్త సెన్సార్ పెట్టించాడు. దానికి ఐదు నిమిషాలు కాదు, రెండున్నర గంటలు పట్టింది. తరువాత ఎర్రచుక్క నాబ్‌ని దాని చోట్లో పెట్టాడు.

పెళ్ళి విందుకి వచ్చి, సలాంలో సగం గుమ్మంలో చెప్పి, అతను ఎడమవైపు తిరిగాడు. బాత్రూం తలుపు తీసే ఉంది. లోపల బకెట్టు బదులు దిండు వేసిన పీట, ముందు చిన్న బల్ల, దాని మీద కాఫీ, మఖ్రూద్. గాలి కన్నం ఖాళీగా ఉంది. హాజ్జా అక్కడే నిలబడి, "ఇవాళొక్కరోజే" అని చెప్పి వెళ్ళింది.

"ఎవరాయన, బాత్రూంలో విందు తింటున్నాడు?" అని అన్నాబా పెద్దమనిషి ఒకాయన అడిగాడు.

"పిల్ల తరఫు పెద్ద" అంది దలీలా.

జనం పలచబడ్డాక ఆమె తలుపు దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట? నీళ్ళ చప్పుడులో ఏమీ వినపళ్ళేదు."

"అప్పుడు నీళ్ళు రావట్లేదు. నాబ్ నీ చేతిలోనే ఉంది."

ఖమీసీ తల ఎత్తి ఆమె మొహం చూశాడు. అతనికి అర్థమైపోయింది.

"ఉనైసా చెప్పిందా?"

"ఎర్రచుక్క చెప్పింది."

"ఎవరికీ చెప్పకు చెల్లెమ్మా, నా కొంప మునుగుతుంది!" మొదటిసారి అతని గొంతులో భయం వినపడింది. "జనం నన్ను మెచ్చుకోవడం మొదలుపెడితే ఇక నా మాట ఎవరు వింటారు?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఎప్పట్లాగే తిట్టు. నీ అంత గట్టిగా ఈ ఊళ్ళో ఎవరూ తిట్టలేరు. నీ తిట్లకి ఎన్ని గొట్టాలు శుభ్రమయ్యాయో నీకు తెలీదు."

మరుసటి వారం పై అంతస్తు వార్దా ఏడుస్తూ దిగివచ్చింది. ఆమె నాబ్ పోయింది. దలీలా మెట్ల మీదికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కమీషను మనిషి! కడుపు మండా, మన చన్నీళ్ళ మీద మేడలు కడుతున్నాడు! వార్దా, వాడి పొగరు అణగాలంటే రేపే మనిషిని పెట్టి గొట్టం దులిపించు. అందాకా ఉనైసా దగ్గరికి వెళ్ళు. ఏమో, నీ అదృష్టం బాగుంటే నలభయ్యో మనిషివి నువ్వే కావచ్చు."

వార్దా కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. కింద మెట్ల మీద టకటక వినపడింది. దలీలా గొంతు తగ్గించి పిలిచింది:

"దొంగ మొహమా, కాఫీ చల్లారిపోతోంది, రా."

ఎక్కడ పెట్టమంటావని అడగలేదు. పీట బాత్రూంలో వేసే ఉంది.